గీతల బ్లేడా, నున్నటి బ్లేడా: గడ్డం గీసుకునేవాళ్లకి ఒక రీబోరింగ్ మేస్త్రి సలహా

మా మేనల్లుడు గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. దసరా సెలవులకి ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడి వచ్చి, నా షాపులో వెర్నియర్ పక్కన ఒక చిన్న పెట్టె పెట్టాడు. "మావయ్యా, ఆన్‌లైన్‌లో తెప్పించాను. బ్లేడు మీద లేజర్‌తో సన్నటి గాళ్లు తీశారట. రాపిడి బాగా తగ్గిపోతుందట. ధర మాత్రం మామూలు బ్లేడుకి పదింతలు. ఉంచుకోనా, వెనక్కి పంపెయ్యనా?" అన్నాడు.

నన్నే అడగడానికి కారణం ఉంది. నాది ఇంజన్ రీబోరింగ్ పని. బైకులు, ఆటోలు, పొలాల్లో పంపుసెట్లు, వాటి అరిగిన సిలిండర్లని లోపల తొలిచి (బోరు చేసి), రాళ్లతో సాన పట్టి (హోనింగ్) ఇవ్వడంలోనే ముప్ఫై ఏళ్లు గడిచాయి. ఇనుము మీద కావాలని గీతలు పెట్టి రాపిడి తగ్గించడం మాకు రోజూ ఉన్న పనే. అయినా ఆ పెట్టె చూసి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. సిలిండర్ దగ్గర నిజమైన మాట గడ్డం దగ్గర కూడా నిజం కావాలని ఏముంది? వాడు తిరిగి వెళ్లేలోపు నాలుగు రకాల రేజర్లు ముందేసుకుని, పక్కనున్న గడియారాల షాపులో లూప్, అంటే కంటికి పెట్టుకునే భూతద్దం, అరువు తెచ్చి, ఒక్కొక్కటీ చూశాం. చూసిందీ చదివిందీ, నా చెంపల మీద తేలిందీ కలిపి రాస్తున్నాను.

తొందరలో ఉన్నవాళ్లకి ముందే చెప్పేస్తాను. బ్లేడు మీద గీతల కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. బ్లేడు మీద చూడాల్సింది పూత. గీతలు పనికొచ్చేది చర్మానికి ఆనే చోట, అంటే బ్లేడుకి ముందు ఉండే కడ్డీ మీద. గడ్డం సరిగా నానకపోతే ఈ రెండూ పెద్దగా చేసేదేమీ లేదు. ఎందుకో తెలుసుకోవాలంటే కింద చదవండి.

తిరగలి గంట్లు, సిలిండర్ గీతలు

గీతలు పెడితే రాపిడి తగ్గుతుందని ఎవరైనా అంటే, మా అమ్మ నవ్వేది. తిరగలి నున్నబడితే పప్పు విరగడం మానేస్తుంది. అప్పుడు ఉలి పట్టుకుని వచ్చేవాణ్ని పిలిచి గంట్లు కొట్టించేవాళ్లం. అక్కడ గంట్లు ఉన్నది పట్టు పెరగడానికి. సిలిండర్‌లో అదే గీత ఎదురు పని చేస్తుంది. బోరు లోపలి గోడ అద్దంలా నున్నబడిపోతే ఆయిల్ నిలవదు, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు గోడని పొడిగా రాసుకుంటాయి, వెనకనుంచి నీలం పొగ మొదలవుతుంది. అందుకే హోనింగ్ రాళ్లతో ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకునేట్టు గీతలు పెడతాం. ఆ గీతల్లో ఆయిల్ దాక్కుంటుంది. రింగు వచ్చినప్పుడల్లా కొంచెం బయటికి వచ్చి తడుపుతుంది. అరిగిన రజను కూడా అందులోకే పోతుంది.

ఒకే గీత రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేస్తోంది. తేడా ఎక్కడంటే, మధ్యలో జారే పదార్థం ఉందా లేదా, వేగం ఎంత, ఎదురుగా ఉన్నది గట్టిదా మెత్తదా అన్న మూడింటిలో.

దీన్ని శాస్త్రంగా తీర్చిదిద్దినవాళ్లలో ముఖ్యుడు ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఇజాక్ ఎట్సియాన్. 1990ల నుంచి ఆయన లేజర్‌తో పంపుల సీళ్ల మీద, పిస్టన్ రింగుల మీద వెంట్రుక మందం కన్నా తక్కువ లోతున్న గుంటలు పెట్టి చూశాడు. ఒక్కో గుంటా చిన్న బేరింగులా పనిచేస్తుంది. రెండు ముఖాలూ వేగంగా జారుతున్నప్పుడు గుంటలో ఉన్న నూనెలో ఒత్తిడి పుట్టి, పై ముఖాన్ని కాస్త పైకి ఎత్తుతుంది. జపాన్‌లో ఒసాకా విశ్వవిద్యాలయం వాళ్లు లోహం కోసే పనిముట్ల మీద కూడా ఇలాంటి సన్నటి గాళ్లు తీసి, అల్యూమినియం అతుక్కోకుండా చేయవచ్చని 2009లో చూపించారు. అంటే ఈ విద్య బూటకం కాదు. పనిచేసే చోట బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

మరి గడ్డం దగ్గర? ఇక్కడ నేనొక చిన్న లెక్క వేశాను. 100 సీసీ స్ప్లెండర్ బండిలో పిస్టన్ ఒక్కసారి కిందికో పైకో కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు. ఇంజన్ నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుంటే పిస్టన్ సగటు వేగం సెకనుకి 8 మీటర్లు దాటుతుంది. నేను రేజర్‌తో చెంప మీద ఒక గీత గీస్తే, అరచేతి వెడల్పు దూరం, అర సెకను. సెకనుకి 20 సెంటీమీటర్లు అనుకోండి. పిస్టన్ వేగంలో నలభయ్యో వంతు. పైగా ఎదురుగా ఉన్నది ఇనుప గోడ కాదు, నొక్కితే లోపలికి పోయే చర్మం. ఆ వేగంలో, ఆ మెత్తదనం మీద నురగ బ్లేడుని పైకి ఎత్తడం జరగని పని. ఎట్సియాన్ గుంటలకున్న బేరింగు గుణం గడ్డానికి రాదు. మిగిలేవి రెండే: నురగని కొంచెం నిలవపెట్టుకోవడం, చర్మానికి తగిలే మేర తగ్గించడం. ఈ రెండూ తక్కువ లాభాలేం కావు. కానీ అవి ఏ చోట కావాలన్నదే అసలు ప్రశ్న.

గడ్డంలో రాపిడి ఒకటి కాదు, రెండు

"రాపిడి తగ్గుతుంది" అని డబ్బా మీద రాసేవాళ్లు ఏ రాపిడో చెప్పరు. ఒకటి, బ్లేడు వెంట్రుకలోకి దిగేటప్పుడు దాని రెండు చెంపలూ వెంట్రుకని రాసుకోవడం. ఇది ఎక్కువైతే వెంట్రుక తెగకముందే వేరు దగ్గర లాగుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. రెండోది, రేజర్ తల చర్మం మీద జారేటప్పుడు పుట్టేది. ఇది ఎక్కువైతే మంట, ఎర్రటి పొక్కులు, మర్నాడు చొక్కా కాలరు తగిలితే చురుక్కుమనడం.

మొదటిదానికి మందు వాదర దగ్గర ఉంది. రెండోదానికి మందు కడ్డీ దగ్గర, నురగలో ఉంది. మా సెలూన్ ఆయనకి ఈ మాటలేవీ తెలియకపోయినా తేడా బాగా తెలుసు. "మేస్త్రీ, లాగితే బ్లేడు తప్పు, మండితే చెయ్యి తప్పు" అంటాడు. చెయ్యి తప్పంటే ఎక్కువ నొక్కడం.

వాదర మీద నిజంగా ఉన్నదేమిటి

మామూలు బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు. పదును పెట్టిన భాగం అందులో అంచున కనిపించే సన్నటి మెరిసే పట్టీ, అర మిల్లీమీటరు కూడా ఉండదు. చిట్టచివరి కొన మిల్లీమీటరుని లక్ష భాగాలు చేస్తే అందులో కొద్ది భాగాలంత. ఇప్పుడు గడ్డం వెంట్రుక మందం చూడండి: అదీ మిల్లీమీటరులో పదో వంతే, కొందరికి ఇంకాస్త ఎక్కువ. అంటే కోసేటప్పుడు వెంట్రుకకి తగిలే బ్లేడు భాగం కొన నుంచి ఆ పదో వంతు మేర మాత్రమే. గాళ్లు తీస్తే అక్కడ తీయాలి. కానీ కొనకి దగ్గరగా గాడి తీయడమంటే అరటాకు అంచున చీలిక పెట్టినట్టే, అక్కడి నుంచే చిరుగుతుంది.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు, జానులూకా రోసియోలీ, జెమ్ తాషాన్ బృందం, వాదర ఎలా పాడవుతుందో సూక్ష్మదర్శినిలో చూసి 2020లో ప్రకటించారు. వెంట్రుక ఆ ఉక్కు కన్నా 50 రెట్లు మెత్తన. అయినా బ్లేడు మొద్దుబారుతుంది. అరగడం వల్ల కన్నా వాదర నుంచి సన్నటి పెచ్చులు ఊడిపోవడం వల్ల. వెంట్రుక నిటారుగా ఉంటే పెచ్చు ఊడటం తక్కువ, అది వంగి వాలుగా తగిలినప్పుడు ఎక్కువ. ఉక్కు లోపలి అల్లిక ఒక చోట గట్టిగా, పక్కన మెత్తగా ఉన్నా, వాదర మీద ముందే గరుకు ఉన్నా, పెచ్చు అక్కడ మొదలవుతుంది. కొన దగ్గర గాళ్లు తీయడమంటే ఆ గరుకుని మనమే డబ్బిచ్చి కొనుక్కోవడం.

వాదరకి నిజంగా మేలు చేసింది పూత. కింగ్ క్యాంప్ జిల్లెట్ తన పల్చటి బ్లేడుకి పేటెంటు తెచ్చుకున్నది 1904లో. అప్పటి బ్లేడ్లు కార్బన్ ఉక్కువి, తడి తగిలితే తుప్పు. 1960ల మొదట్లో విల్కిన్సన్ స్వోర్డ్ అనే కంపెనీ స్టెయిన్‌లెస్ బ్లేడుతో అందరినీ అదరగొట్టింది. అదే దశాబ్దంలో వాదర మీద టెఫ్లాన్ పూత వచ్చింది. మన దోసె పెనం మీది టెఫ్లానే, కాకపోతే కంటికి కనిపించనంత పల్చగా. పూసి, అది కరిగేదాకా, అంటే 327 డిగ్రీలు దాటించి కాల్చితే ఉక్కుకి పట్టుకుంటుంది. గట్టి పదార్థాల్లో దీనంత జారేవి చాలా తక్కువ. కింద క్రోమియం పొర ఒకటి ఉంటుంది. 1998లో వచ్చిన జిల్లెట్ మాక్ 3 రేజర్ నుంచి వజ్రం లాంటి కార్బన్ పొర కూడా వేయడం మొదలైంది. అది వాదర గుండ్రంగా మారకుండా కాపాడుతుంది. గట్టి పొర పదునుని నిలబెడుతుంది, జారే పొర లాగుడుని తగ్గిస్తుంది. ఈ రెండింటికీ కలిపి వచ్చే లాభం ముందు గాళ్ల లాభం వెతుక్కోవాల్సిందే.

ఇక మా వాడి పెట్టె సంగతి. లూప్ పెట్టి చూస్తే గాళ్లు ఉన్న మాట నిజమే, చక్కగా వరసగా ఉన్నాయి. కానీ అవి బ్లేడు వెడల్పాటి ముఖం మీద ఉన్నాయి, పదును పట్టీ మొదలవక ముందే ఆగిపోయాయి. రేజర్‌లో బిగిస్తే ఆ ముఖం పై మూత కింద నొక్కుకుని ఉంటుంది. అటు వెంట్రుకకీ తగలదు, ఇటు చర్మానికీ తగలదు. పెళ్లికొడుక్కి చొక్కా లోపల జరీ వేసినట్టు! మా వాడి మొహం చూడాలి. "అయితే మావయ్యా, వీళ్లు అబద్ధం రాశారా?" అన్నాడు. అబద్ధం కాదురా, గాళ్లున్నాయి, రాపిడి తగ్గించే విద్యా ఉంది; రెండూ కలిసే చోటు మాత్రం అక్కడ లేదు అన్నాను.

ఇంకో చమత్కారం. పక్కనే మామూలు బ్లేడు పెట్టి చూస్తే దాని పదును పట్టీ మీద కూడా గీతలు ఉన్నాయి. సాన పట్టిన గీతలు అవి. ఏ బ్లేడూ నిజానికి నున్నగా ఉండదు. మంచి కంపెనీల గొప్పతనం ఆ గీతలని కొనకి వచ్చేసరికి ఎంత సన్నం చేశారన్నదే.

కడ్డీ మీద గీతలు: ఇక్కడ డబ్బు పెట్టొచ్చు

రెండో రాపిడికి వద్దాం. కడిగిన స్టీలు పళ్లేలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే ఎలా అతుక్కుంటాయో తెలుసు కదా. తడి చర్మం మీద నున్నటి లోహపు కడ్డీ కూడా అంతే. చర్మం పొడిగా ఉన్నప్పటి కన్నా చెమ్మగా ఉన్నప్పుడే ఎక్కువ పట్టుకుంటుంది. మన ఉక్కపోతలో చేతికి కాగితం అంటుకుపోయేది అందుకే. నీళ్లు, నురగ మధ్యలో నిండుగా ఉంటేనే జారుడు. నున్నటి కడ్డీ ఏం చేస్తుందంటే, బ్లేడుకి ముందు నడుస్తూ ఆ నురగనంతా తోసేసుకుపోతుంది. వెనక వచ్చే బ్లేడుకి చెమ్మ చర్మం మిగులుతుంది.

కడ్డీ మీద గాళ్లు ఉంటే నురగ ఆ గాళ్లగుండా వెనక్కి జారి బ్లేడుకి అందుతుంది. చర్మానికి తగిలే లోహం కూడా తగ్గుతుంది. ఇదీ రాపిడి తగ్గించే గీత అంటే. దుకాణంలో దొరికే తలల్లో మూడు రకాలు చూస్తారు. పూర్తిగా నున్నటి కడ్డీ ఒకటి. అలల్లా గాళ్లు తీసిన కడ్డీ ఒకటి. దువ్వెన పళ్లలా పూర్తిగా తెరిచి ఉన్నది ఇంకొకటి. తొలినాటి జిల్లెట్ సెట్లన్నీ దువ్వెన రకమే. నున్నటి కడ్డీ 1930ల చివర్లో వాడుకలోకి వచ్చింది.

నా ఓటు గాళ్ల కడ్డీకి. దువ్వెన రకం మీద నాకు సొంత అనుభవం ఉంది, గడ్డం కింద ఇప్పటికీ చిన్న మచ్చ కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఒకటి తెప్పించాను. పళ్ల మధ్య సందు మరీ వెడల్పు. చర్మం మెత్తనిది కదా, సందులోకి ఉబ్బింది, బ్లేడు దాన్నీ వెంట్రుకలాగే చూసింది. లోహం మీద లోహానికైతే గాడి వెడల్పు కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదు. చర్మానికి మాత్రం గాడి సన్నగా, అంచులు గుండ్రంగా ఉండాలి. గోరుతో రాసి చూడండి. గోరు అంచు గీరుకున్నట్టు తగిలితే ఆ కడ్డీ వద్దు. అయితే నాలుగైదు రోజులు గడ్డం వదిలేసి ఒకేసారి తీసేవాళ్లకి దువ్వెన రకమే నయం. పొడుగు వెంట్రుకలు కడ్డీ కింద పడి నలగకుండా పళ్ల మధ్య నుంచి నిలబడి వస్తాయి. నిటారుగా ఉన్న వెంట్రుక దగ్గర వాదర పెచ్చులు ఊడటం తక్కువని పైన చెప్పుకున్నాం.

క్యాట్రిడ్జి రేజర్లలో, అంటే బ్లేడ్లు బిగించిన తలనే మార్చుకునేవాటిలో, కడ్డీ బదులు రబ్బరు గీతలుంటాయి. వీటిని చూసి చాలామంది ఇవి కూడా జారడానికే అనుకుంటారు. కాదు, ఇవి తిరగలి గంట్ల జాతి. బ్లేడు రాకముందు చర్మాన్ని పట్టుకుని కొంచెం సాగదీసి, వెంట్రుకని నిలబెట్టడానికి పెట్టినవి. కావాలనే రాపిడి పెంచుతాయి. బ్లేడ్ల వెనక ఉండే తెల్లటి పట్టీ, 1985 నుంచి వస్తున్నది, తడి తగిలితే జిగురుగా కరిగి జారుడు ఇస్తుంది. ముందు పట్టు, వెనక జారుడు. ముసలివాళ్లకి, చర్మం వదులైనవాళ్లకి రబ్బరు గీతలు బాగా ఉపయోగం. బిగువైన చర్మం ఉన్న కుర్రాళ్లకి, మొటిమలున్నవాళ్లకి ఆ పట్టే మంటగా మారవచ్చు. ఆ తెల్ల పట్టీ అరిగిపోయి, రబ్బరు మాత్రం మిగిలిన క్యాట్రిడ్జి వాడటం కన్నా పారేయడం మేలు.

మగ్గు నీళ్ల లెక్క

గాళ్లున్న ప్రతిదానికీ ఒక రోగం ఉంది: పూడుకుపోవడం. హోనింగ్ గీతల్లో మసి పట్టినట్టే రేజర్ గాళ్లలో సబ్బు, వెంట్రుకల పొడి, చర్మపు పొట్టు పట్టేస్తాయి. పూడుకున్న గాడి నున్నటి కడ్డీ కన్నా అధ్వాన్నం.

దీని మీద ఒక కథ ఉంది. జిల్లెట్ వాళ్లు భారతదేశం కోసమని చేసిన ఒక రేజర్‌ని మొదట అమెరికాలో ఎంఐటీలో చదువుకుంటున్న మన కుర్రాళ్లకి ఇచ్చి చూశారు. వాళ్లు బాగుందన్నారు. ఇక్కడికి తెచ్చాక తీరా చూస్తే వెంట్రుకలు ఇరుక్కుపోయి పనిచేయలేదు. కారణం, అక్కడ కుళాయి ధార. ఇక్కడ చాలామంది గుమ్మంలో కూర్చుని, ముందు గ్లాసుడు నీళ్లు పెట్టుకుని గీసుకుంటారు. తర్వాత జిల్లెట్ వాళ్లు ఒకే బ్లేడు, సులువుగా కడుక్కుపోయే తల పెట్టి 2010లో గార్డ్ అని తెచ్చారు, 15 రూపాయలకి. విడి క్యాట్రిడ్జి అప్పట్లో 5 రూపాయలు. ఇందులో ఉన్న తెలివికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

కాబట్టి మీ ఇంట్లో గీసుకునేది కుళాయి కిందా, మగ్గుతోనా అన్నది బ్లేడు కంపెనీ పేరు కన్నా ముఖ్యం. మగ్గు నీళ్లయితే ఐదు బ్లేడ్ల క్యాట్రిడ్జి జోలికి పోకండి. బ్లేడ్ల మధ్య సందులు పూడిపోతాయి, మీరు దాన్ని బకెట్ అంచుకేసి కొడతారు, అంతటితో వాదర సరి. మూత విప్పి కడుక్కునే పాత సెట్టు రేజర్ మగ్గు ఇళ్లకి హాయి.

బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండే వీధుల్లో ఇంకో తంటా. నురగ పట్టదు, సబ్బు పాలలా విరిగి తెల్లగా పేరుకుంటుంది. ఆ పేరుకున్నది గాళ్లలో సున్నంలా గట్టిపడుతుంది. అలాంటి చోట గడ్డానికి మాత్రం ఒక చెంబుడు కాచిన నీళ్లో, వాన నీళ్లో పక్కన పెట్టుకుంటే సగం బాధ పోతుంది. వారానికోసారి గాళ్ల తలని నిమ్మరసం కలిపిన నీళ్లలో కాసేపు ఉంచి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. బ్లేడు మాత్రం తీసేసి. బ్లేడుని తువ్వాలుతో తుడవకూడదు, ఆ పూత అంతా తువ్వాలుకే పోతుంది. విదిలించి ఆరబెడితే చాలు.

నానబెట్టడం గురించి మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరు. గేదె కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చేస్తారు. పచ్చి కొమ్ముని ఎవరూ బలంతో వంచరు, విరుగుతుంది. వేడి చూపిస్తే మైనంలా వంగుతుంది. కొమ్మూ గోరూ వెంట్రుకా ఒకటే సరుకు, కెరటిన్. వెంట్రుక నీళ్లు పీల్చుకుంటే మందం దాదాపు 15 శాతం ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, కోయడానికి కావాల్సిన బలం బాగా తగ్గుతుంది. దానికి రెండు మూడు నిమిషాలు చాలు, గోరువెచ్చటి నీళ్లయితే ఇంకా మంచిది. స్నానం చేశాక గీసుకునేవాళ్లకి ఏ బ్లేడైనా మంచి బ్లేడే. పొద్దున్నే పొడి గడ్డం మీద క్రీము రాసి వెంటనే గీకేవాళ్లకి ఏ పూతా, ఏ గీతా చాలదు.

ఎవరికి ఏది

రోజూ ఆఫీసుకో బడికో వెళ్లేవాళ్లు, ఓ మోస్తరు గడ్డం, చేతిలో ఐదారు నిమిషాలు: గాళ్ల కడ్డీ ఉన్న సెట్టు రేజరు, పూత ఉన్న మామూలు స్టెయిన్‌లెస్ బ్లేడు. ఒక బ్లేడుతో నాలుగైదు సార్లు, అది కూడా లాగడం మొదలయ్యేదాకానే. బ్లేడు ఖరీదు రెండు టీల లోపే, పొదుపు చేసి మొహం పాడుచేసుకోవడం ఎందుకు?

కొత్తగా గడ్డం మొదలైన కుర్రాళ్లకి ఒకే బ్లేడున్న ప్లాస్టిక్ రేజర్ చాలు. చెయ్యి అలవాటు అయ్యేదాకా సెట్టు రేజర్ వద్దు. వెంట్రుక రింగులు తిరిగినవాళ్లయితే మూడు, ఐదు బ్లేడ్ల జోలికి అసలు పోకూడదు. ముందు బ్లేడు వెంట్రుకని పైకి లాగుతుంది, వెనకది కోస్తుంది, తెగిన కొన చర్మం లోపలికి పోయి అక్కడే వంకర తిరిగి కురుపవుతుంది. ఇక్కడ నునుపు కన్నా కాస్త గరుకు మిగలడమే మేలు, ఎదురు గీయకుండా వాలు వెంట ఒక్కసారే గీస్తే చాలు.

మా నాన్నగారి లాంటి వాళ్లకి, అంటే చర్మం వదులై, చెయ్యి కొంచెం వణికేవాళ్లకి, రబ్బరు గీతలున్న రెండు మూడు బ్లేడ్ల క్యాట్రిడ్జి. ఇక్కడ ఖర్చు చూడకండి. మెడ దగ్గర చర్మం సాగదీసి పట్టుకునే పని ఆ రబ్బరు చేస్తుంది. పక్కన కుళాయి ఉండేట్టు చూడండి.

వారానికోసారి గీసుకునేవాళ్లు ముందు ట్రిమ్మర్‌తో కురచ చేసి తర్వాత ఏ రేజర్ అయినా వాడొచ్చు. ట్రిమ్మర్ లేకపోతే దువ్వెన తల, సన్నటి సందులది. మొక్కు తీర్చుకోవడానికి గుండు చేయించుకునేవాళ్లు ఇంట్లో ప్రయత్నాలు మానేసి, తల బాగా తడిపి, చెయ్యి తిరిగినవాళ్ల దగ్గర కూర్చోవడమే.

సెలూన్‌కి వెళ్లేవాళ్లు చూడాల్సింది ఒక్కటే: మీ కళ్లెదుట కొత్త బ్లేడు విరిచి, సగం ముక్క కత్తిలో పెట్టాడా లేదా. ఆ కత్తికి కడ్డీ ఉండదు, గాళ్లు ఉండవు, రాపిడి తగ్గించేది నురగ, బ్లేడు మీది పూత, ఆయన మణికట్టు. మా సెలూన్ ఆయన బ్రష్షుతో నురగ తిప్పడానికే గడ్డం గీసేంత సేపు తీసుకుంటాడు. ఒకప్పుడు విసుక్కునేవాణ్ని. ఇప్పుడు కళ్లు మూసుకుని కూర్చుంటాను.

కొనే ముందు డబ్బా మీద ఇలా చూడండి

గీతలు, గాళ్లు, చేప పొలుసులు, తామరాకు అని ఏం రాసినా, బొమ్మలో అవి ఎక్కడున్నాయో వెతకండి. బ్లేడు ముఖం మీదుంటే సింగారం. పదును పట్టీ మీదుంటే అనుమానించండి. చర్మానికి ఆనే కడ్డీ మీద, మూత మీద ఉంటే పరిశీలించండి. "రాపిడి ఇంత శాతం తగ్గుతుంది" అని ఉంటే దేనితో పోల్చి, తడి మీదా పొడి మీదా అన్నది ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ అంకెని లెక్కలోకి తీసుకోకండి. పూత పేరు రాసి ఉంటే అది మంచి గుర్తు. గాళ్ల తల లోహానిదైతే లోపలి మూలలు పరికించండి. నీళ్లు నిలిచే గుంట ఉంటే మన తేమకి, అందులో గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి, తుప్పు మొదలయ్యేది అక్కడే.

లూప్ లేకపోతే ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి పెద్దది చేసి చూడండి, గాళ్ల మేర తెలిసిపోతుంది. మా వాడు అలాగే ఫొటో తీసి, గాళ్లు ఆగిపోయిన చోట ఎర్ర గీత పెట్టి, అమ్మినవాళ్లకి పంపాడు. పెట్టె వెనక్కి తీసుకున్నారు, డబ్బులు వారంలో వచ్చాయి. వాటితో గాళ్ల కడ్డీ సెట్టు ఒకటి కొనుక్కుని, మిగిలిన చిల్లరకి బ్లేడ్ల ప్యాకెట్టు నాకు ఇచ్చి గుణుపురం రైలెక్కాడు.